తడబడిన మాటకు నవ్వులు... తడబడని మాటకు?

‘మన పిల్లలు చదువుకుంటోందా?’

ఈ వాక్యంలో తప్పేమిటో నాలుగో తరగతి పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ఇంగ్లీషులో సరిగ్గా ఇలాంటి వాక్యమే పలికింది మాత్రం ఓ పెద్దమనిషి. అదీ చదువుల గురించి మాట్లాడుతూ! 2000 జనవరి 11న దక్షిణ కరోలినాలోని ఫ్లోరెన్స్ పట్టణంలో, అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న టెక్సాస్ గవర్నరు జార్జ్ డబ్ల్యు బుష్ నోట వచ్చిందది. ‘ఆర్’ అనాల్సినచోట ‘ఈజ్’ అన్నారు. బడుల్లో ప్రమాణాలు పెంచుతానన్నది ఆయన ప్రధాన హామీ. ఇంకేముంది, దేశమంతా పడీపడీ నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే న్యూహాంప్‌షైర్‌లోని నాషువాలో ఇంకోటి. సంసారం ఈదడం ఎంత కష్టమో తనకు తెలుసని చెప్పబోయి, ‘మీ కుటుంబం మీద అన్నం పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు’ అనేశారు. కుటుంబానికి కాదు... కుటుంబం మీద! సెప్టెంబరులో మిషిగన్‌లో మాట్లాడుతూ మనుషులూ చేపలూ శాంతియుతంగా కలిసి బతకగలరని భరోసా ఇచ్చారు. పోలింగుకు ముందురోజు ఆర్కాన్సాలో ఏకంగా ఓ కొత్త పదమే పుట్టించారు. ‘తప్పుగా అర్థం చేసుకోవడం’, ‘తక్కువ అంచనా వేయడం’... ఈ రెండింటినీ కలిపి ముద్దచేసి, ప్రత్యర్థులు తనను ‘మిస్‌అండర్‌ఎస్టిమేట్’ చేశారన్నారు.

తమాషా ఏంటంటే, ఆ మాట తప్పే కానీ అందులోని సంగతి నిజం. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో గట్టెక్కి, సుప్రీంకోర్టు తీర్పు దాకా సాగిన వివాదం తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎనిమిదేళ్లు.

నవ్వుల దుకాణం

ఆ ఎనిమిదేళ్లూ బుష్ నాలుక ఓ పరిశ్రమను పోషించిందంటే అతిశయోక్తి కాదు. జాకబ్ వైస్‌బర్గ్ అనే పాత్రికేయుడు ఆయన నోరు జారిన ప్రతిసారీ దాన్ని పట్టుకుని ‘బుషిజమ్స్’ పేరుతో ‘స్లేట్’ పత్రికలో ప్రచురించేవారు. అవి పుస్తకాలయ్యాయి, క్యాలెండర్లయ్యాయి. టీవీలో ‘సాటర్‌డే నైట్ లైవ్’ కార్యక్రమంలో విల్ ఫెరెల్ అనే నటుడు బుష్ వేషం కట్టి ఇంటింటికీ పరిచయమయ్యాడు. 2000 ఎన్నికల చర్చను వెక్కిరిస్తూ చేసిన ఓ హాస్యనాటికలో ‘మీ ప్రచారాన్ని ఒక్కమాటలో చెప్పండి’ అంటే ‘స్ట్రాటజరీ’ అంటాడు. వ్యూహం అన్న ఇంగ్లీషు మాటను వంకర తిప్పి రచయితలు రాసిచ్చిన పదమది. అది నిజంగా బుష్ అన్నదేనని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చివరికి శ్వేతసౌధం సిబ్బందే తమ వ్యూహ బృందానికి సరదాగా ఆ పేరు పెట్టేసుకున్నారు.

అన్నిటికంటే పేరుమోసింది 2002 సెప్టెంబరు 17న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్లో అన్నది. ‘ఒకసారి మోసం చేస్తే సిగ్గు నీకు, రెండోసారీ మోసపోతే సిగ్గు నాకు’ అని అక్కడివాళ్లకో సామెత. బుష్ అందుకున్నారు. ‘ఒకసారి మోసం చేస్తే సిగ్గు... సిగ్గు నీకు’. ఆగారు. దిక్కులు చూశారు. ‘మోసం చేస్తే... మళ్లీ మోసపోలేం’ అని ముగించారు. ‘సిగ్గు నాకు’ అన్న ముక్క తన గొంతుతో రికార్డయితే టీవీలవాళ్లు దాన్నే తిప్పితిప్పి వేస్తారని మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయారని ఆయన అభిమానుల సమర్థన. సామెత మర్చిపోయారంతే అని మిగతావాళ్ల మాట.

2004 ఆగస్టు 5న రక్షణ బడ్జెట్ బిల్లు మీద సంతకం చేస్తూ, ‘మన దేశానికీ మన ప్రజలకూ హాని చేసే కొత్త మార్గాల గురించి శత్రువులు నిరంతరం ఆలోచిస్తూనే ఉంటారు... మనమూ అంతే’ అన్నారు. చుట్టూ నిలబడ్డ అధికారులెవరూ నవ్వలేదు. మర్నాడు లోకమంతా నవ్వింది.

నవ్వించడమూ తెలుసు

ఇన్ని జోకులు పేలుతుంటే పాపం, ఆయనెంత బాధపడ్డారో అనుకుంటే పొరపాటే. తన మీద జోకులేయడంలో బుష్ అందరికంటే ముందుండేవారు. 2001 మార్చిలో రేడియో, టీవీ విలేకరుల విందుకు వెళ్లి తన తప్పుల్ని తానే చదివి వినిపించారు. ‘ఒప్పుకోవాలి మరి, నా వాక్యాల్లో నేను ఇంతవరకూ మనిషన్నవాడు అడుగుపెట్టని చోట్లకి వెళ్తాను’ అంటే హాలు హాలంతా చప్పట్లు. ఆ మేలో యేల్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవానికి వెళ్లి, అత్తెసరు గ్రేడుతో గట్టెక్కిన విద్యార్థుల వైపు తిరిగి, ‘మీరూ అమెరికా అధ్యక్షులు కావచ్చు’ అన్నారు.

అన్నట్టు, ఆ యేల్ ఆయన చదువుకున్న చోటే. అక్కడ డిగ్రీ, తర్వాత హార్వర్డ్‌లో ఎంబీఏ. తాత సెనెటరు. తండ్రి దేశాధ్యక్షుడు. ఇంగ్లీషు రాకపోవడానికి కారణం వెతుకుదామన్నా దొరకని నేపథ్యం. మరి ఈ తడబాటు ఎక్కడిది?

దానికి కొంత సమాధానం ఓ ఓటమిలో ఉంది. 1978లో బుష్ పశ్చిమ టెక్సాస్ నుంచి ప్రతినిధుల సభకు పోటీచేశారు. ప్రత్యర్థి కెంట్ హాన్స్ అక్కడి మట్టిలో పుట్టిపెరిగినవాడు. ఈయనగారు తూర్పుతీరంలో పెద్దపెద్ద కాలేజీల్లో చదివొచ్చిన దొరబాబు, మన కష్టసుఖాలు ఆయనకేం తెలుస్తాయి... అన్నట్టు ప్రచారం చేసి ఓడించాడు. ఆ దెబ్బ బుష్ మర్చిపోలేదు. మళ్లీ ఎప్పుడూ తనకంటే పల్లెటూరివాడు తన ఎదుట నిలబడకూడదనుకున్నారు. పదహారేళ్ల తర్వాత టెక్సాస్ గవర్నరు పదవికి ఆన్ రిచర్డ్స్‌తో పోటీపడ్డప్పుడు జరిగిన టీవీ చర్చలో మాత్రం ఆయన గడగడా, పొందిగ్గా మాట్లాడారు. ఆ టేపు చూసి ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనా అని జేమ్స్ ఫాలోస్ అనే సీనియర్ పాత్రికేయుడు 2004లో ‘అట్లాంటిక్’ పత్రికలో ఆశ్చర్యపోయారు. అంటే, తప్పులన్నీ నటన అని కాదు. కానీ వాటిని దాచుకోవాల్సిన అవసరం బుష్‌కి కనిపించలేదు. తప్పు మాట్లాడిన ప్రతిసారీ ఎగతాళి చేసేవాళ్లు ఒకవైపు చేరితే, ‘మనలాగే మాట్లాడుతున్నాడే’ అనుకునేవాళ్లు ఇంకోవైపు చేరారు. రెండోవైపు ఓట్లు తక్కువేం లేవు.

2000 ఎన్నికల చర్చల్లోనూ ఇదే కథ. అల్ గోర్‌కి ప్రతి విషయం మీదా పట్టుంది. లెక్కలన్నీ నాలుక చివరే ఉండేవి. కానీ బుష్ మాట్లాడుతున్నప్పుడు ఆయన విసుగ్గా వదిలిన నిట్టూర్పులు మైకులో వినిపించాయి. జనం అంకెలు మర్చిపోయి నిట్టూర్పులు గుర్తుపెట్టుకున్నారు. బుష్ దగ్గర ఎవరూ గొప్ప ప్రసంగం ఆశించలేదు కాబట్టి, నిలబడి మూడు చర్చలూ పూర్తిచేయడమే విజయంలా కనిపించింది. వెక్కిరింత ఎదుటివాడికి మెట్టుగా మారడమంటే ఇదే.

సోఫాలో కూర్చుని వాదన

ఈ వాదన అమెరికన్ల ఇళ్లకే పరిమితం కాలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో తెలుగువాళ్లు అక్కడ స్థిరపడుతున్న రోజులవి. 2004 వేసవిలో న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఓ తెలుగింటిని ఊహించుకోండి. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చిన తండ్రి, రిటైరైన ఇంగ్లీషు మాస్టారనుకోండి. టీవీలో బుష్ మాట్లాడుతుంటే ఆయన చెయ్యి ఎర్రసిరా పెన్ను కోసం వెతుక్కుంటుంది.

‘‘ఏరా, వీళ్ల ప్రెసిడెంటుకే ఏకవచనం, బహువచనం తెలీదు. నువ్వేంటి మీటింగులో నోరు విప్పాలంటే అంత కంగారుపడతావు?’’

‘‘ఆయన తప్పు మాట్లాడితే జోకు నాన్నా. నేను మాట్లాడితే కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని అప్రైజల్‌లో రాస్తారు.’’

ఇందులో నవ్వుతోపాటు చిన్న ముల్లూ ఉంది. తప్పు మాట్లాడే స్వేచ్ఛ కూడా అందరికీ సమానంగా దొరకదు. అధ్యక్షుడి కొడుకు తడబడితే అది సామాన్యుడి యాస. పరాయిదేశం నుంచి వచ్చినవాడు తడబడితే అది అసమర్థత. తెలుగు మీడియంలో చదివి, ఇంటర్వ్యూలో ‘ఈజ్’కీ ‘ఆర్’కీ మధ్య చెమటలు కక్కినవాళ్లకు ఈ తేడా ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అదే వాళ్లకి ఇంకో సంగతీ తెలుసు. ఇంగ్లీషు తప్పుల్లేకుండా మాట్లాడినంత మాత్రాన తెలివైనవాడు కాదు, తప్పులు మాట్లాడినంత మాత్రాన తెలివితక్కువవాడూ కాదు. నాలుగు మాటలు కూడబలుక్కుని మాట్లాడి ఊరి తగవుని న్యాయంగా తీర్చే పెద్దలు మన పల్లెల్లో ఎందరో. అనర్గళంగా మాట్లాడి ఊరిని ముంచినవాళ్లకూ కొదవలేదు. అందుకే ‘సరిగ్గా మాట్లాడలేనివాడు సరిగ్గా పాలిస్తాడా’ అన్న ప్రశ్న దగ్గరే వాదన ఆగిపోతే అది సగం వాదనే.

మిగతా సగం ఆ ఇంట్లో కోడలు అంటుందనుకోండి.

‘‘వ్యాకరణం తప్పయితే మీరు దిద్దేస్తారు మామయ్యగారూ. ఇరాక్‌లో ఆయుధాలున్నాయన్నారు, యుద్ధానికి వెళ్లారు. ఏడాది దాటినా ఒక్కటీ దొరకలేదు. దాన్నెవరు దిద్దుతారు?’’

మాస్టారి దగ్గర సమాధానం ఉండదు. నిజానికి ఆ ఏడాది అమెరికాలో చాలామంది దగ్గర లేదు.

శిథిలాల మీద ఒక్క వాక్యం

సమాధానం వెతికే ముందు బుష్‌కి న్యాయం చేయాలంటే 2001 సెప్టెంబరు 14కి వెళ్లాలి. న్యూయార్క్‌లో జంట సౌధాలు కూలి మూడో రోజు. ఇంకా పొగలు కక్కుతున్న శిథిలాల మధ్య, ఓ అగ్నిమాపక సిబ్బంది భుజం మీద చెయ్యేసి, చేతిలో మెగాఫోను పట్టుకుని నిలబడ్డారు బుష్. ఆయన మాట్లాడుతుంటే దూరం నుంచి ఎవరో వినపడటం లేదని అరిచారు. ఆ జవాబు ఎవరూ రాసిచ్చింది కాదు. ‘నాకు మీరు వినపడుతున్నారు. ప్రపంచం మొత్తానికీ మీరు వినపడుతున్నారు. ఈ భవనాలు కూల్చినవాళ్లకు త్వరలోనే మనందరి మాటా వినపడుతుంది’ అన్నారు. ఆ నెలలోనే గ్యాలప్ సర్వేలో ఆయన పనితీరును మెచ్చినవాళ్లు 90 శాతం.

మరో మూడు రోజులకు వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ సెంటర్‌కి వెళ్లి, చెప్పుల్లేకుండా లోపల నిలబడి, ఇస్లాం అంటే శాంతి అన్నారు. గడ్డం ఉన్నవాళ్ల మీద, తలపాగా కట్టినవాళ్ల మీద దాడులు మొదలైన రోజులవి. అరిజోనాలో ఓ సిక్కును ముస్లిం అనుకుని కాల్చి చంపి అప్పటికి రెండురోజులే అయింది. ఆ సమయంలో దేశాధ్యక్షుడు అక్కడికి వెళ్లి ఆ మాట అనడం చిన్న విషయం కాదు. అక్కడున్న దక్షిణాసియా కుటుంబాలకు అది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆ నాలుకకి సందర్భం వచ్చినప్పుడు మాట్లాడటం చేతకాదని ఎవరూ అనలేరు. అసలు చిక్కు అక్కడ లేదు.

పదహారు పదాలు

2003 జనవరి 28 రాత్రి. అమెరికా కాంగ్రెస్ ఉభయసభల ఎదుట అధ్యక్షుడి వార్షిక ప్రసంగం. ఆరోజు బుష్ తడబడలేదు. ఏకవచనాలూ బహువచనాలూ సక్రమంగా కుదిరాయి. రచయితల బృందం వారాల తరబడి చెక్కిన ప్రసంగమది. అందులో ఓ వాక్యం... సద్దాం హుస్సేన్ ఈమధ్యే ఆఫ్రికా నుంచి పెద్దమొత్తంలో యురేనియం సంపాదించేందుకు ప్రయత్నించినట్టు బ్రిటిష్ ప్రభుత్వం తెలుసుకుందని. ఇంగ్లీషులో లెక్కపెడితే సరిగ్గా పదహారు పదాలు. వ్యాకరణం దోషం ఒక్కటీ లేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికేముంది అందులో, భయపడటానికి తప్ప!

ఏడువారాలకు యుద్ధం మొదలైంది. ఆ వాక్యం ప్రసంగంలో ఉండాల్సింది కాదని జులైలో శ్వేతసౌధమే ఒప్పుకుంది. దాన్ని తీసేయించకపోవడం తమ తప్పేనని సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ ప్రకటన ఇచ్చారు. యుద్ధానికి కారణంగా చూపిన సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలేవీ ఇరాక్‌లో లేవని, వాటిని వెతకడానికి అమెరికా పంపిన బృందమే 2004లో తేల్చింది. 2011 చివర్లో సైన్యం వెనక్కి వచ్చేసరికి అమెరికా సైనికులు దాదాపు 4,500 మంది చనిపోయారు. ఇరాక్ పౌరులైతే లక్షకు పైనే.

‘పిల్లలు చదువుకుంటోందా’ అన్న మాటవల్ల ఒక్క పిల్లాడికీ చదువు ఆగిపోలేదు. ‘కుటుంబం మీద అన్నం’ అన్నందుకు ఎవరింట్లోనూ పొయ్యి ఆరలేదు. క్యాలెండర్లకెక్కిన తప్పులన్నీ కలిపినా ఒక్క ప్రాణం పోలేదు. క్యాలెండరుకెక్కని ఆ నున్నటి వాక్యం మాత్రం ఓ యుద్ధానికి దారితీసిన వాదనలో ఇటుకగా చేరింది.

అలాగని ఆ ప్రసంగం మొత్తాన్నీ పారేయడానికీ లేదు. అదే రాత్రి, అదే మైకు ముందు, ఆఫ్రికా, కరీబియన్ దేశాల్లో ఎయిడ్స్ మీద పోరాటానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఇవ్వాలని బుష్ కాంగ్రెస్‌ను కోరారు. ‘పెప్‌ఫార్’ అన్న ఆ పథకం రెండు కోట్లకు పైగా ప్రాణాలు కాపాడిందని అమెరికా ప్రభుత్వ అంచనా. ఆ మాటలకూ ఎవరూ క్యాలెండరు వేయలేదు. ఒకే ప్రసంగంలో కోట్లమందికి ఊపిరి, లక్షమందికి మృత్యువు. రెండు మాటలూ చక్కగానే పలికారు. ఏది ఏదో తేల్చుకోవడానికి వ్యాకరణ పుస్తకం పనికిరాదు. ఈ మాటకు ఆధారమేంటి, ఖర్చెవరిది, మోసేదెవరు... అని అడగాల్సిందే.

నవ్వు ఎక్కడ ఆగాలి?

జోకులేయడం తప్పా? కానేకాదు. పాలకుడి మీద నవ్వగలగడం ప్రజాస్వామ్యానికి ఆరోగ్యం. నవ్వితే జైల్లో వేసే దేశాలూ ఉన్నాయి. అయితే నవ్వుకో గుణముంది. నవ్వేశాక కోపం సగం చల్లారిపోతుంది. ‘వాడంతేలే’ అని ఓ మాట అనేసి టీవీ కట్టేస్తాం.

2004 మార్చి 24న వాషింగ్టన్‌లో మళ్లీ విలేకరుల విందు. బుష్ తెరమీద కొన్ని ఫొటోలు చూపించారు. అధ్యక్షుడి కార్యాలయంలో వంగి సోఫాకింద వెతుకుతున్నట్టు ఒకటి. ‘ఆ విధ్వంసక ఆయుధాలు ఇక్కడే ఎక్కడో ఉండాలి’ అన్నది దానికి వ్యాఖ్య. ఇంకో ఫొటో. ‘ఉహుఁ, అక్కడ కూడా లేవు’. హాల్లో విలేకరులు గొల్లున నవ్వారు. అప్పటికే ఇరాక్‌లో అమెరికా సైనికులు ఐదొందల మందికి పైగా చనిపోయారు. మర్నాడు ఆ సైనికుల కుటుంబాల నుంచి వచ్చిన స్పందనలో నవ్వు లేదు. ఏ ఆయుధాల పేరు చెప్పి బిడ్డను యుద్ధానికి పంపారో, ఆ ఆయుధాలే జోకు అయిపోతే ఏ తల్లి నవ్వుతుంది? ఏళ్లుగా అధ్యక్షుడి నాలుక మీద నవ్వుతున్న విలేకరులు, ఆరోజు అధ్యక్షుడితో కలిసి నవ్వారు. నవ్వులో ఎవరు ఎటువైపున్నారో కూడా తెలియకుండా పోయింది.

మూడువారాల తర్వాత, ఏప్రిల్ 13న విలేకరుల సమావేశంలో ఒకరు సూటిగా అడిగారు. సెప్టెంబరు దాడుల తర్వాత మీరు చేసిన పెద్ద తప్పేంటని. బుష్ చాలాసేపు తటపటాయించారు. ఇప్పటికిప్పుడు ఏదీ తట్టడం లేదన్నారు. అన్నేళ్లలో ఆయన తడబాట్లన్నిటిలోకీ నవ్వకుండా వినాల్సింది ఇదొక్కటే. అక్కడ తప్పిపోయింది ఏకవచనమో బహువచనమో కాదు, జవాబు.

హైదరాబాదుకు వచ్చినప్పుడు

2006 మార్చి 3న బుష్ హైదరాబాద్ వచ్చారు. ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతులతో, మహిళలతో మాట్లాడారు. గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో యువ వ్యాపారవేత్తల్ని కలిశారు. ఓవైపు స్వాగత తోరణాలు, మరోవైపు ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా నినాదాలు, నల్లజెండాలు. ఆ పూట ఆయన ఏం ప్రసంగించారో ఇప్పుడు గుర్తున్నవాళ్లు తక్కువ. కానీ హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ పెడతామన్న మాట మాత్రం చాలా కుటుంబాలకు గుర్తుంది. అప్పటిదాకా వీసా ఇంటర్వ్యూ అంటే చెన్నై రైలెక్కడమే. ఫైళ్లు చంకన పెట్టుకుని, ముందురోజే వెళ్లి లాడ్జిలో దిగి, తెల్లవారకముందే వరుసలో నిలబడటమే. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరుచుకుంది. మాట నిలబడింది.

నాయకుడి మాటను తూచే తూనిక సామాన్యుల ఇళ్లలో ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఎలా అన్నాడని కాదు, అన్నది జరిగిందా అని.

నున్నటి మాట ఒక్క పార్టీ సొత్తు కాదు. బుష్ తర్వాత వచ్చిన బరాక్ ఒబామా మహావక్త. ఆయన మీద ‘ఒబామాయిజమ్స్’ క్యాలెండరు వేయాలంటే కాగితం వృథా. ఆరోగ్యబీమా సంస్కరణలు తెస్తూ, ‘ఇప్పుడున్న బీమా మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు’ అని ఆయన పదేపదే చెప్పారు. అందంగా, హాయిగా వినిపించే మాట. 2013లో లక్షలమందికి పాత బీమా రద్దయినట్టు ఉత్తరాలు వచ్చాయి. ఒబామా టీవీలో క్షమాపణ చెప్పాల్సివచ్చింది.

మరి తడబాటును అసలు పట్టించుకోకూడదా? అలా అనడానికీ లేదు. చిన్నప్పటి నుంచి నత్తితో పోరాడిన జో బైడెన్‌ని దానికోసం వెక్కిరించినవాళ్లున్నారు. అది అన్యాయం. కానీ 2024 జూన్ 27న టీవీ చర్చలో ఆయన మాట మధ్యలో దారితప్పినప్పుడు జనం అడిగింది నత్తి గురించి కాదు. 81 ఏళ్ల వయసులో మరో నాలుగేళ్లు ఈ బరువు మోయగలరా అని. అది న్యాయమైన ప్రశ్న. నెల తిరక్కుండానే, జులై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. నాలుక తడబాటుకూ, దాని వెనకున్న దానికీ తేడా చూడాలన్నదే మాట. చూడ్డానికి కొంచెం ఓపిక కావాలి. జోకుకి అంత ఓపిక ఉండదు.

చివరిగా ఓ పొరపాటు

బుష్ 2009లో పదవి దిగారు. అంతకుముందు అక్టోబరులో గ్యాలప్ సర్వేలో ఆయన్ని మెచ్చినవాళ్లు 25 శాతం. డిసెంబరులో బాగ్దాద్‌లో ఓ విలేకరి ఆయన మీదికి రెండు బూట్లూ విసిరాడు. ఇది వితంతువుల తరఫున, అనాథల తరఫున అని అరుస్తూ. బుష్ చటుక్కున వంగి తప్పించుకుని, అది పదో నంబరు బూటని జోకేశారు. ఆ తర్వాత రాజకీయాలకు దూరంగా, టెక్సాస్‌లో బొమ్మలు వేసుకుంటూ ఉండిపోయారు. యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల ముఖాలూ ఆ బొమ్మల్లో ఉన్నాయి.

2022 మే 18న డాలస్‌లోని తన సంస్థలోనే మాట్లాడుతూ ఉక్రెయిన్ మీద రష్యా దాడిని ఖండించారు. అక్కడ అడ్డుచెప్పేవాళ్లు లేరని, అందుకే ఒకే ఒక్క మనిషి నిర్ణయంతో ఓ దేశం మీద పూర్తిగా అన్యాయమైన, క్రూరమైన దండయాత్ర జరిగిందని చెబుతూ, ఆ దేశం పేరు ‘ఇరాక్’ అన్నారు. వెంటనే తల విదిల్చి, ‘అంటే... ఉక్రెయిన్’ అని దిద్దుకున్నారు. గొంతు తగ్గించి, ‘ఇరాక్ కూడా’ అన్నట్టు ఏదో గొణిగారు. డెబ్భై అయిదు అని తన వయసు చెప్పారు. హాలంతా ఘొల్లున నవ్వింది.

ఆ వీడియో ఆ రాత్రే ప్రపంచమంతా తిరిగింది. చాలామందికి అది మరో బుషిజం. బాగ్దాద్‌లో, ఫలూజాలో ఇంట్లో మనిషిని పోగొట్టుకుని ఆ వీడియో చూసినవాళ్లు ఉండే ఉంటారు. 2004లో ‘మీ పెద్ద తప్పేంటి’ అని అడిగితే రాని జవాబు, పద్దెనిమిదేళ్లకు ఎవరూ అడక్కుండానే నోరుజారి వచ్చింది.